జపాన్‌లో రెండున్నర ఎకరాలు, వియత్నాంలో 247

కమ్యూనిజం పాకకుండా అమెరికా ఏం చేసిందని ఎవర్నైనా అడగండి. వియత్నాం అంటారు, నాపాం బాంబులంటారు, సీఐఏ అంటారు. కాస్త చరిత్ర చదివినవాళ్లు ట్రూమన్ పేరు, మార్షల్ ప్లాన్ పేరు ఎత్తుతారు. మాట్లాడేది ఎర్రజెండా అభిమానైనా అమెరికా అభిమానైనా వాదన సైగాన్ దగ్గర మొదలై బెర్లిన్ గోడ దగ్గర ఆగుతుంది. ఇలాంటి వాదనల్లో నేనూ చాలాసార్లు గొంతు చించుకున్నాను. పొలం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. కమ్యూనిజం పల్లెల్లోకి రాకుండా చూసే మందు అమెరికా చేతిలో ఒకటుండేది. దున్నేవాడి పేరు మీద పట్టా. జపాన్, తైవాన్, దక్షిణ కొరియాల్లో దాన్ని వాడారు, పనిచేసింది. ఫిలిప్పీన్స్‌లో సీసా మూత తీసి మళ్లీ బిగించేశారు. వియత్నాంలో రోగి చేయి దాటాక పట్టారు. మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో అయితే ఆ మందు పోస్తున్నవాణ్ణే కుర్చీలోంచి లాగేశారు. ఒకే దేశం, ఒకే శత్రువు పేరు చెప్పి ఇన్ని రకాలుగా ఎందుకు చేసింది? సిద్ధాంతంలో వెతికితే జవాబు దొరకదు. ఆ ఊరి భూస్వామి వాషింగ్టన్‌కి చుట్టమా కాదా అని చూస్తే దొరుకుతుంది.

నేను ఏ గట్టు మీద నిలబడి మాట్లాడుతున్నానో కూడా చెప్పాలి. మాది పశ్చిమ గోదావరి. కౌలు చేసే ఇల్లు కాదు, కౌలుకిచ్చే ఇల్లు. కాబట్టి ఇందులో భూస్వామిని తిట్టినచోట మా తాతని కూడా కలుపుకునే చదవండి.

1946 ఫిబ్రవరిలో మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయం నుంచి జార్జ్ కెనన్ అనే అధికారి వాషింగ్టన్‌కి ఒక చాంతాడంత టెలిగ్రాం కొట్టాడు. మరుసటి ఏడు అదే ఆలోచనని పెంచి ‘ఎక్స్’ అనే మారుపేరుతో ఒక పత్రికలో వ్యాసం రాశాడు. రష్యాతో యుద్ధం అక్కర్లేదు, దోస్తీ కుదరదు, వాళ్లు ముందుకు జరగబోయినచోటల్లా ఓపిగ్గా, గట్టిగా అడ్డం నిలబడితే ఆ వ్యవస్థ లోపలి జబ్బులే దాన్ని మెత్తబరుస్తాయి అన్నది సారాంశం. దాన్నే కట్టడి విధానం అంటున్నాం. 1947 మార్చి 12న ట్రూమన్ గ్రీస్, టర్కీల కోసం 40 కోట్ల డాలర్లు అడిగాడు. తర్వాత మార్షల్ ప్లాన్ కింద పడమటి యూరప్‌కి నాలుగేళ్లలో సుమారు 1,300 కోట్ల డాలర్లు వెళ్లాయి. 1950లో కొరియాలో యుద్ధం మొదలయ్యేసరికి మొత్తం వ్యవహారం సైన్యం చేతికి పోయింది. కెనన్‌కే అది నచ్చలేదు. 1966లో సెనేట్ కమిటీ ముందు కూర్చుని, వియత్నాంలో మనం ఇలా చిక్కుకోవాల్సింది కాదని చెప్పాడు.

ఇదంతా అందరికీ తెలిసిన కథే. కెనన్‌కి రష్యా తెలుసు, యూరప్ తెలుసు. ఫ్యాక్టరీలు మళ్లీ నడిస్తే, రొట్టె దొరికితే అక్కడి కార్మికుడు కమ్యూనిస్టు పార్టీ వైపు చూడడని అతని లెక్క. ఆసియాలో కమ్యూనిస్టు పార్టీ ఫ్యాక్టరీ గేటు దగ్గర పుట్టలేదు, కళ్లంలో పుట్టింది. పంట నూర్చిన రోజున సగం ధాన్యం ఇంకొకరి బండెక్కుతుంటే చూస్తూ నిలబడ్డవాడి దగ్గర పుట్టింది. ఈ ముక్క అర్థమైన అమెరికన్ అధికారులు కొద్దిమందే. అందులో ఒకాయన అసలు అమెరికాలో పుట్టినవాడే కాదు.

వుల్ఫ్ లడెజిన్‌స్కీ 1899లో ఉక్రెయిన్‌లో పుట్టాడు. యూదుల కుటుంబం, కలిగినవాళ్లు, పిండిమర, కలప వ్యాపారం, కొంత భూమి. విప్లవంలో అన్నీ పోయాయి. 1921లో సరిహద్దు దాటి రుమేనియా మీదుగా అమెరికా చేరాడు. ఆస్తి పోగొట్టుకున్నవాడికి కమ్యూనిస్టుల మీద కోపం ఉండడం సహజం, ఆయనకీ ఉంది. ఆ కోపంలోంచి ఆయన తీసిన లెక్క మాత్రం వేరు. బోల్షివిక్కులు గెలిచింది రైతుకి భూమి ఇస్తామన్నందుకే, ఆ పని జారు ప్రభుత్వమే ముందు చేసి ఉంటే వాళ్లు అధికారంలోకి వచ్చేవాళ్లే కాదు అని ఆయన తర్వాత రోజుల్లో చెప్పుకున్నాడు. వ్యవసాయశాఖలో ఉద్యోగం. ఆసియా కౌళ్ల మీద అధ్యయనం. రెండో ప్రపంచయుద్ధం ముగియగానే టోక్యోలో, ఓడిన జపాన్‌ని ఏలుతున్న అమెరికన్ జనరల్ మెకార్థర్ దగ్గరికి వెళ్లాడు.

జపాన్‌లో ఏం జరిగిందో కొంచెం నిదానంగా చెబుతాను. భూసంస్కరణ అంటే మనకి తెలిసింది పేపర్లో ఫోటో, సభలో పట్టాల పంపిణీ. అక్కడ జరిగింది అది కాదు.

అప్పటికి జపాన్ సాగుభూమిలో 46 శాతం దాకా కౌలు కింద ఉండేది. పంటలో సగం కౌలుకి పోవడం మామూలు. 1945 డిసెంబరు 9న మెకార్థర్ కార్యాలయం ఆదేశం ఇచ్చింది, 1946 అక్టోబరులో చట్టం వచ్చింది. ఊళ్లో కాపురం ఉండని భూస్వామి కౌలు భూమి మొత్తం సర్కారు కొనేస్తుంది. ఊళ్లోనే ఉండేవాడు కౌలుకిచ్చుకోగలిగింది ఒక చో, అంటే మన లెక్కలో రెండున్నర ఎకరాలకి కూడా ఒక పిసరు తక్కువే. ఉత్తరాన హొక్కైడోలో మాత్రం నాలుగు చోలు. మిగతాది సర్కారు కొని, అది దున్నుతున్న కౌలుదారుకే అమ్ముతుంది. ధర పాత లెక్కల్లో కట్టారు. ఈలోగా ధరలు ఆకాశానికంటి యెన్ విలువ నేలకి దిగింది. భూస్వామి చేతికొచ్చిన పరిహారం నామమాత్రం, కౌలుదారు చెల్లించాల్సిందీ నామమాత్రం.

ఎవరి భూమి ఎంత, ఎవరు దున్నుతున్నారు, ఏ గట్టు ఎవరిది అని తేల్చింది ఊరి కమిటీ. ఎన్నికైన కమిటీ, మొత్తం పదిమంది. అందులో కౌలుదార్లు ఐదుగురు, భూస్వాములు ముగ్గురు, సొంతభూమి సాగుచేసుకునేవాళ్లు ఇద్దరు. నాకు ఈ చట్టం మొత్తంలో అన్నిటికన్నా తెలివైన సెక్షన్ ఇదే అనిపిస్తుంది. మన దగ్గర భూమి చట్టం అమలు చేసేది ఎమ్మార్వో ఆఫీసు. ఆ ఆఫీసుకి వెళ్లిన కౌలుదారు బయట చెట్టు కింద నిలబడతాడు, భూస్వామి లోపల కుర్చీలో కూర్చుని టీ తాగుతాడు. అక్కడ లోపలున్న కుర్చీల్లో సగం కౌలుదార్లవి. భూస్వామి దొంగ లెక్క చెబితే ‘అయ్యా, ఆ మడి నేను దున్నుతున్నాను’ అనేవాడు బల్ల ఎదురుగానే ఉన్నాడు.

1950 నాటికి కౌలు భూమి పది శాతానికి పడిపోయింది. యుద్ధం తర్వాత ఉద్ధృతంగా లేచిన రైతు సంఘాలు చల్లబడ్డాయి. పట్టా చేతికొచ్చిన రైతు తర్వాత దశాబ్దాలపాటు కన్జర్వేటివ్ పార్టీకే ఓటేశాడు. కమ్యూనిస్టు పార్టీ అక్కడ ఇప్పటికీ ఉంది, స్వేచ్ఛగా ఎన్నికల్లో నిలబడుతుంది, పల్లెల్లో దానికి పని లేదు.

ఇది ఎలా కుదిరిందో చూడండి. ఆ భూస్వాములు ఓడిపోయిన శత్రువు మనుషులు. జపాన్ సైనికతత్వానికి పల్లెల్లో వాళ్లే దన్ను అని అమెరికన్లు నమ్మారు. వాళ్ల ఆస్తి మీద చెయ్యి వెయ్యడానికి ఎవరికీ మొహమాటం లేదు. ఆ మొహమాటం లేని రోజులు కూడా ఎంతోకాలం నడవలేదు. 1948 మార్చిలో కెనన్ స్వయంగా టోక్యో వెళ్లి, సంస్కరణలు చాలు, ఇక దేశాన్ని నిలబెట్టే పని చూడండి అని సలహా ఇచ్చాడు. పెద్ద వ్యాపార కుటుంబాల్ని విడగొట్టే కార్యక్రమం అక్కడితో నీరుగారింది. భూమి పని అప్పటికే సగానికి పైగా అయిపోయింది కాబట్టి బతికింది.

తైవాన్‌ది ఇంకో రకం. చైనా పెద్దభూమి మీద చియాంగ్ కై-షేక్ ఇరవై ఏళ్లు పాలించి కౌలు తగ్గించలేకపోయాడు. భూస్వాములే ఆయన పార్టీ, ఆయన అధికారులు, ఆయన సైనికాధికారుల మామలు. మావో చేతిలో ఓడి తైవాన్‌కి పారిపోయి వచ్చాక అదే మనిషి, అదే పార్టీ, నాలుగేళ్లలో పని పూర్తిచేశారు. 1949లో కౌలు పంటలో 37.5 శాతం మించకూడదన్నారు. 1951లో సర్కారు భూములు అమ్మారు. 1953లో దున్నేవాడికే భూమి. భూస్వామికి పరిహారంలో 70 శాతం ధాన్యం, చిలగడదుంపల విలువకి ముడిపెట్టిన బాండ్లు, మిగతా 30 శాతం నాలుగు సర్కారు కంపెనీల షేర్లు. అమెరికా డబ్బుతో నడిచే ఉమ్మడి గ్రామీణ కమిషన్ వెనకుండి నడిపించింది, లడెజిన్‌స్కీ సలహాలూ ఉన్నాయి. అంత చురుకుదనం హఠాత్తుగా ఎక్కణ్ణుంచి వచ్చింది? తైవాన్‌లో చియాంగ్ మనుషులకి సెంటు భూమి లేదు. పోయేది స్థానికుల భూమి. ఆ స్థానికులు నోరెత్తలేరు. 1947 ఫిబ్రవరి 28 తర్వాత చియాంగ్ సైన్యం చేసిన ఊచకోత అందరికీ గుర్తుంది, 1949 నుంచి మార్షల్ లా. ఈ నెత్తుటి ముక్కని వదిలేసి తైవాన్ అద్భుతం అని చెప్పేవాళ్లంటే నాకు చిరాకు.

కొరియాలో ఉత్తరాదివాళ్లు 1946 మార్చిలోనే భూస్వాముల భూమి లాక్కుని ఊరికే పంచేశారు. దక్షిణాన ఉన్నవాళ్ల చెవిలో అది పడకుండా ఎలా ఉంటుంది? అమెరికన్ సైనిక ప్రభుత్వం 1948లో, వెళ్లిపోయిన జపానువాళ్ల పొలాల్ని కౌలుదార్లకి అమ్మింది. 1949లో దక్షిణ కొరియా భూసంస్కరణ చట్టం వచ్చింది. దాన్ని మొదలుపెట్టిన వ్యవసాయ మంత్రి చో బోంగ్-అమ్ ఒకప్పటి కమ్యూనిస్టు. ఆ చట్టం వల్లే 1950లో ఉత్తరసేన దిగినప్పుడు దక్షిణాది పల్లెలు మూకుమ్మడిగా లేవలేదని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మరి ఆ మంత్రికి దక్కింది? 1959లో గూఢచారి అని ముద్రవేసి ఉరితీశారు. 2011లో కొరియా సుప్రీంకోర్టు ఆయన నిర్దోషి అని తేల్చింది. కమ్యూనిజాన్ని ఆపిన మనిషిని కమ్యూనిస్టని చంపేశారు.

లడెజిన్‌స్కీకి ఉరి పడలేదు గానీ ఉద్యోగం ఊడింది. 1954 డిసెంబరులో అమెరికా వ్యవసాయ మంత్రి ఎజ్రా బెన్సన్, ఈయన దేశభద్రతకి ప్రమాదం అంటూ తీసేశాడు. ఈయన అక్కచెల్లెళ్లు సోవియట్ యూనియన్‌లో ఉన్నారన్నది చూపించిన కారణాల్లో ఒకటి. నెల తిరక్కుండా అదే ప్రభుత్వంలోని ఇంకో శాఖ పిలిచి వియత్నాం ఉద్యోగం ఇచ్చింది.

అదే 1954లో గ్వాటెమాలా. ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఆపేసినచోటు ఇది. అధ్యక్షుడు హకోబో అర్బెన్స్ 1952 జూన్‌లో 900వ నంబరు డిక్రీ తెచ్చాడు. సుమారు 220 ఎకరాల లోపు కమతాల్ని అసలు ముట్టుకోలేదు. అంతకు మించినచోట కూడా సాగులో లేని బీడుభూమే తీసుకున్నాడు. పరిహారం బాండ్లలో, అదీ యజమాని పన్ను కోసం తానే రాసిచ్చిన విలువ ప్రకారం. యునైటెడ్ ఫ్రూట్ అనే అమెరికన్ అరటిపళ్ల కంపెనీకి అక్కడే తంటా వచ్చింది. పన్ను తప్పించుకోవడానికి ఏళ్ల తరబడి భూమి విలువ తక్కువ చూపించారు. మీరు రాసిందే ఇస్తామని ప్రభుత్వం సుమారు 12 లక్షల డాలర్లు లెక్కగట్టింది. కంపెనీ తరఫున అమెరికా విదేశాంగశాఖ కోటిన్నర డాలర్లకు పైగా అడిగింది. ఆ శాఖ మంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్ అంతకుముందు పనిచేసిన లాయర్ల సంస్థ ఆ కంపెనీకి పనిచేసిందే. ఆయన తమ్ముడు అలెన్ సీఐఏ అధిపతి. 1954 జూన్‌లో సీఐఏ తయారుచేసిన చిన్న సైన్యం సరిహద్దు దాటింది, అర్బెన్స్ దిగిపోయాడు, సుమారు లక్ష కుటుంబాలకి అందిన భూమిలో చాలా భాగం మళ్లీ వెనక్కి పోయింది.

రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. జపాన్‌లో కౌలుకిచ్చిన భూమి రెండున్నర ఎకరాలు దాటితే అమెరికన్ జనరల్ దగ్గరుండి లాక్కున్నాడు, అది ప్రజాస్వామ్యం. గ్వాటెమాలాలో 220 ఎకరాల దాకా ముట్టుకోననీ, అంతకుమించి కూడా బీడే తీసుకుంటాననీ అన్నవాడు కమ్యూనిస్టు. ఫిలిప్పీన్స్‌లో హుక్ అనే కమ్యూనిస్టు గెరిల్లాల తిరుగుబాటు నడుస్తుండగా రాబర్ట్ హార్డీ అనే అమెరికన్ నిపుణుడు 1952లో జపాన్ తరహా సంస్కరణ చెయ్యమని నివేదిక రాశాడు. అక్కడి నాయకులు మండిపడ్డారు, అది కమ్యూనిస్టుల రాత అన్నారు. అమెరికా నివేదికని అటకెక్కించి హార్డీని వెనక్కి పిలిచింది.

ఇక వియత్నాం. మెకాంగ్ డెల్టా అంటే వరి, కాలవలు, కౌలు. మా వైపు మనిషికి బొమ్మ గీసి చూపించక్కర్లేదు. 1945 నుంచి 54 దాకా ఫ్రెంచివాళ్లతో యుద్ధం నడిచినంతకాలం భూస్వాములు ఊళ్లొదిలి సైగాన్‌లో ఉన్నారు. కమ్యూనిస్టులు నడిపిన వియత్‌మిన్ సంస్థ ఆ భూస్వాముల పొలాల్ని పంచేసింది, లేదా కౌలు కట్టక్కర్లేదంది. రైతు ఏళ్లపాటు ఎవరికీ గింజ కొలవకుండా తిన్నాడు. 1955లో సైగాన్ రాజధానిగా ఉన్న దక్షిణ వియత్నాంలో ఎన్గో దిన్ జియెమ్ ప్రభుత్వం సంస్కరణ అంటూ ఒక ఆర్డినెన్సు తెచ్చింది. భూస్వామితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి, కౌలు పంటలో 15 నుంచి 25 శాతం. వాషింగ్టన్‌లో కూర్చుని చూస్తే ఎంత న్యాయంగా కనపడుతుంది! సగం కౌలు నుంచి పాతిక శాతానికి దించాం అని నివేదిక రాసుకోవచ్చు. పొలంలో ఉన్నవాడికి లెక్క వేరు. నిన్నటిదాకా సున్నా. ఇవాళ సైనికుల్ని వెంటేసుకుని వచ్చిన ఆసామి పాతిక శాతం కొలవమంటున్నాడు. ఇచ్చింది కమ్యూనిస్టులు, తీసుకునేది సైగాన్.

1956 అక్టోబరులో భూపరిమితి వచ్చింది. కుటుంబానికి 100 హెక్టార్లు, పైగా పితృదేవతల పూజకని ఇంకో 15. వంద హెక్టార్లంటే 247 ఎకరాలు. డెల్టాలో వరి పండే మాగాణి 247 ఎకరాలు ఉంచుకోనిచ్చి మిగిలింది పంచుతామంటే, పంచడానికి ఏం మిగులుతుంది? కౌలుదార్లలో పదిమందికి ఒకడికి కూడా సరిగా అందలేదు. లడెజిన్‌స్కీ సైగాన్‌లోనే ఉన్నాడు, జియెమ్‌కి సొంత సలహాదారు స్థాయికి చేరాడు. అయినా ఆ అంకె కిందికి దిగలేదు. జపాన్‌లో ఆయన వెనక గెలిచిన సైన్యం ఉంది, ఎదురుగా ఓడిన భూస్వామి ఉన్నాడు. సైగాన్‌లో భూస్వామే ప్రభుత్వం, ఆ ప్రభుత్వాన్ని నిలబెట్టడమే అమెరికా పని.

చివరికి 1970 మార్చి 26న దక్షిణ వియత్నాం అధ్యక్షుడు థియు ప్రభుత్వం ‘దున్నేవాడికి భూమి’ చట్టం తెచ్చింది. స్వయంగా సాగుచేస్తే 15 హెక్టార్లు, కౌలుకిచ్చింది మొత్తం దున్నేవాడికే, ఉచితంగా. మూడేళ్లలో సుమారు పది లక్షల హెక్టార్లు చేతులు మారాయి. మంచి చట్టం. పద్నాలుగేళ్లు ఆలస్యం. 1975లో సైగాన్ పడిపోయింది.

తర్వాత జరిగింది ఎవరూ పెద్దగా చెప్పుకోరు. గెలిచిన కమ్యూనిస్టులు డెల్టాలో పొలాలన్నీ కలిపి ఉమ్మడి సేద్యం చేయించబోయారు. సొంతభూమి రుచి చూసిన రైతులు సహకరించలేదు. పంటలు పడిపోయాయి, దేశం తిండికి కటకటలాడింది. 1988లో పార్టీ పదో తీర్మానంతో సేద్యాన్ని మళ్లీ కుటుంబాల చేతికి ఇచ్చింది. ఐదు లక్షల అమెరికా సైన్యం చెయ్యలేని పని, ఆ రైతు మొండితనం చేసింది.

ఇక్కడ నాకొచ్చే అభ్యంతరాలు తెలుసు. తైవాన్‌ని కాపాడింది పట్టాలు కాదు, 1950లో జలసంధిలోకి వచ్చిన అమెరికా ఏడో నౌకాదళం అంటారు. నిజమే. ఆ ఓడలు లేకపోతే 1953 చట్టం రాయడానికి తైవాన్‌లో ఆ ప్రభుత్వమే ఉండేది కాదు. నౌకాదళం సముద్రం దాటి వచ్చేవాణ్ణి ఆపుతుంది. సొంత ఊళ్లో పుట్టి, రాత్రి పూట గెరిల్లాకి అన్నం పెట్టేవాణ్ణి ఏ ఓడా ఆపలేదు. వియత్నాంలో అమెరికాకి ఓడలకేం కొదవ? రెండో అభ్యంతరం ఇంకా బలమైంది. మూడుచోట్లా భూమి పంచింది ఆక్రమణ సైన్యమో, నియంతలో, యుద్ధ భయమో. ఓట్లతో గెలిచిన ప్రభుత్వం ఎక్కడైనా చేసిందా? దీనికి నా దగ్గర సుఖమైన జవాబు లేదు. ఓట్లతో గెలిచి చేసినవాడు అర్బెన్స్. మన దేశంలో ఇంకొకరు ప్రయత్నించారు, ఆ కథకి వస్తున్నాను.

తెలంగాణ పోరాటం కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య మరణంతో రాజుకుంది. మూడువేల ఊళ్లలో పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు పార్టీ లెక్క. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం లొంగాడు, సైన్యం వెనక దొరలు కూడా గడీలకి తిరిగొచ్చారు. మెకాంగ్ డెల్టాలో 1955 నాటి దృశ్యమే ఇది. కాకపోతే మనవాళ్లు సైన్యంతోపాటు కాగితం కూడా పట్టుకొచ్చారు. 1949లో జాగీర్లు రద్దు. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం, రక్షిత కౌలుదార్లు. తెలంగాణలో ఇప్పటికీ భూమి తగాదాల్లో రక్షిత కౌలుదారుకి భూమి హక్కు ఇచ్చే ‘38-ఇ సర్టిఫికెట్’ మాట వినపడుతుందంటే ఆ చట్టం పుణ్యమే. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకి వంద ఎకరాలు భూదానంగా ఇచ్చారు. అక్టోబరులో పార్టీ పోరాటం విరమించింది. ఆ చట్టం ఎంత అమలైంది, భూదానం భూముల్లో ఎన్ని రాళ్లగుట్టలు అనేది ఇంకో వ్యాసం. ఒక్కటి మాత్రం చెప్పొచ్చు: భయం ఉన్నన్నాళ్లూ కలం కదిలింది.

1955 ఆంధ్ర ఎన్నికల్లో 196 సీట్లలో కమ్యూనిస్టులకి 15 వచ్చాయి, ఓట్లు మాత్రం 31 శాతం. కాంగ్రెస్ కూటమికి 146. ఆ ఎన్నికల ముందు, జనవరి 26న, మాస్కో ‘ప్రావ్దా’ నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్‌వాళ్లు దాన్ని ఊరూరా పంచిపెట్టారు. కమ్యూనిజాన్ని ఆపడానికి అమెరికా ఎంత ఖర్చుపెట్టిందో గానీ, కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఆ పని మాస్కోయే ఉచితంగా చేసిపెట్టింది.

కేరళలో 1957లో ఈఎంఎస్ నంబూద్రిపాద్ కమ్యూనిస్టు ప్రభుత్వం ఓట్లతో వచ్చింది, శాసనసభలో భూసంబంధాల బిల్లు పెట్టింది, 1959 జులై 31న రద్దయింది. ఢిల్లీలో అమెరికా రాయబారిగా చేసిన మోయినిహన్ తర్వాత తన జ్ఞాపకాల్లో, రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులు గెలవకుండా కాంగ్రెస్‌కి రెండుసార్లు డబ్బిచ్చామని, ఒకటి కేరళలో, ఇంకొకటి బెంగాల్లో అని రాసుకున్నాడు. టోక్యోలో భూస్వామి చేతిలోంచి దస్తావేజు లాక్కున్న దేశమే త్రివేండ్రంలో అవతలి పక్షానికి డబ్బు పంపింది.

మళ్లీ మన దగ్గరికే వద్దాం. 1967లో లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల్ని కాల్చి చంపాక శ్రీకాకుళం మండింది. అక్కడికి పోలీసులు వెళ్లారు, ఎన్‌కౌంటర్లు జరిగాయి. అవి జరుగుతుండగానే 1970 ఫిబ్రవరిలో 1/70 చట్టం వచ్చింది. ఏజెన్సీలో భూమి గిరిజనుడిదే అని మొదట భావించాలి, కాదన్నవాడే రుజువు చేసుకోవాలి. అంత గట్టి చట్టం ప్రశాంతంగా ఉన్న రోజుల్లో ఏ ప్రభుత్వం చేసేది చెప్పండి? 1973లో భూపరిమితి చట్టం కూడా ఆ వేడిలోదే.

లడెజిన్‌స్కీ జీవితం చివరి పదేళ్లకు పైగా మన దేశంతోనే గడిచింది. 1963లో ‘ప్యాకేజీ’ జిల్లాల్లో, అంటే విత్తనం, ఎరువు, అప్పు కలిపి ఇచ్చి దిగుబడి పెంచాలని సర్కారు ఎంచుకున్న జిల్లాల్లో, కౌళ్ల పరిస్థితి చూడడానికి తిరిగాడు, దాన్ని ప్రణాళికా సంఘం 1965లో అచ్చువేసింది. ఆ జిల్లాల్లో తంజావూరు ఉంది, మా పశ్చిమ గోదావరీ ఉంది. ఆయన చూసింది మా ఇంట్లో నేను పెరుగుతూ చూసిందే: నోటిమాట కౌలు, రాత లేదు, చట్టంలో ఉన్న కౌలు ఒకటి, కళ్లంలో కొలిచేది ఇంకొకటి. కౌలుదారుకి రాత లేదు కాబట్టి అప్పు పుట్టదు, ఎరువు పుట్టదు. 1975లో ఆయన పోయాడు. ఢిల్లీలో ఆయన్ని అందరూ గౌరవించారు, నివేదికలు బీరువాలో పెట్టారు.

మా ఇంటి లెక్క ఇప్పటికీ ఒక నోటుపుస్తకంలో ఉంటుంది. సార్వాకి ఇన్ని బస్తాలు, దాళ్వాకి ఇన్ని. 2019లో కౌలు రైతుకి సాగు కార్డు ఇచ్చే పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చినప్పుడు మా కౌలు రైతు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. “కార్డుకి మీ సంతకం కావాలంటన్నారండి. పదకొండు నెలలేనండి, పొలానికేం కాదండి.” నాన్న తలెత్తకుండానే “చూద్దాంలేరా” అన్నాడు. లోపలికొచ్చి అమ్మతో, “కాగితం ఇస్తే పొలం ఇచ్చేసినట్టే” అన్నాడు. మా నాన్న చెడ్డవాడేం కాదు. తుఫానొచ్చి చేను పడిపోయిన ఏడు కౌలు వదిలేశాడు. సంతకం మాత్రం పెట్టలేదు. పంట నష్టపరిహారం ఆ ఏడు ఎవరి ఖాతాలో పడిందో వేరే చెప్పాలా?

కౌలుదారు చేతికి కాగితం ఇచ్చే ఈ పని ఇప్పుడు ఏ ప్రభుత్వమైనా ఎందుకు చేస్తుంది అని నాకు నేనే అడుగుతుంటాను. 1946లో టోక్యోలో, 1950లో హైదరాబాదులో, 1970లో శ్రీకాకుళంలో ఎవరికో ఒకరికి నిద్రపట్టలేదు. ఇప్పుడు కౌలు రైతుని చూసి నిద్రపట్టనివాడు ఎవడూ లేడు. కమ్యూనిస్టులకి మా జిల్లాలో ఓట్లు లేవు, మాస్కో సంపాదకీయాలు లేవు, వాషింగ్టన్‌కి మా కాలవలతో పని లేదు. ఓట్ల కోసమైనా చేస్తారంటే, పెట్టుబడి సాయం అంటూ రెండు రాష్ట్రాల్లోనూ వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం వెళ్లింది పట్టాదారు ఖాతాలోకే. కౌలు రైతు ఉద్యమాలు చేసేవాళ్లు యజమాని సంతకం నిబంధన తీసెయ్యమంటున్నారు. నేనైతే ఇంకొకటి కూడా అడుగుతాను. కార్డులు తేల్చేది జపాన్‌లో లాగా ఊరి కమిటీ కావాలి, పదిమందిలో ఐదుగురు కౌలుదార్లు ఉండాలి. మా నాన్న అందులో ముగ్గురు భూస్వాముల వైపు కూర్చుంటాడు, ఆయన చెప్పేదీ వినొచ్చు.